కమిషనర్ గారూ, ఆదివారం పూట ఒక గది తాళం ఇప్పించండి

తిరుపతి నగరపాలక సంస్థ కమిషనర్ గారికి నమస్కారం.

నేను కొర్లగుంటలో ఉంటాను. కాలువ గురించో, కుక్కల గురించో రాస్తున్నాననుకోకండి. వాటికి రాసేవాళ్ళు వేరే ఉన్నారు. నేను అడిగేది ఒక గది, అదీ వారానికి రెండు గంటలు. కార్పొరేషన్ చేతిలో ఉన్న ఏదో ఒక బడి గదో, కమ్యూనిటీ హాలో, ఆదివారం ఎటూ తాళం వేసి ఉండేదే, పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా మాకు ఇప్పించండి. అక్కడ నేనూ, నాలాగే జపాన్‌లో కొన్నేళ్ళు ఉండి వచ్చిన ఇంకో ఇద్దరూ కలిసి జపనీస్ నేర్పుతాం. మనిషికి క్లాసుకు 20 రూపాయలు. అదీ ఇవ్వలేనివాళ్ళు ఊరికే వచ్చి కూర్చోవచ్చు.

మీకు విడిగా అర్జీ ఇవ్వకుండా అందరూ చదివేలా ఎందుకు రాస్తున్నానంటే, గది మీరిచ్చినా అందులో కూర్చోవాల్సింది ఊళ్ళోవాళ్ళు. వాళ్ళకూ సంగతి తెలియాలి.

2017లో మా ఆయన ఉద్యోగం వల్ల జపాన్ వెళ్ళాం. షిజువోకా ప్రాంతంలో, మోటార్ సైకిళ్ళకూ పియానోలకూ పేరుపడ్డ హమామత్సు పక్కన చిన్న ఊరు. టోక్యోలో నిషి కసాయ్ లాంటి చోట ఉంటే మనవాళ్ళు బోలెడంతమంది కనిపిస్తారు. మా ఊళ్ళో తెలుగు మాట్లాడేది మేం ముగ్గురమే: నేను, ఆయన, నాలుగేళ్ళ మా పాప. ఆయన పొద్దున ఆరున్నరకు ఫ్యాక్టరీకి పోతే మళ్ళీ రాత్రి ఎనిమిదికే. నాకు బీఎడ్ ఉంది, ఆరేళ్ళు పిల్లలకు పాఠం చెప్పిన అనుభవం ఉంది. అక్కడ మాత్రం ఏ రోజు ఏ చెత్త బయటపెట్టాలో గోడమీది కాగితం చూసి చదువుకోవడం కూడా రాని మనిషినైపోయాను.

వెళ్ళిన మూడో నెలలో పాపకు కడుపునొప్పి వచ్చింది. దగ్గర్లో ఉన్న చిన్న క్లినిక్‌కు తీసుకుపోయాను. నొప్పి అంటే 'ఇతాయ్' అని తెలుసు. పాప పొట్ట చూపించి 'ఇతాయ్, ఇతాయ్' అన్నాను. నర్సు ఎంతో మెత్తగా అడిగింది: "షికుషికు? కిరికిరి?" అవి మందుల పేర్లేమో, ఇంతకుముందు వాడారా అని అడుగుతోందేమో అనుకున్నాను. రెండిటికీ తల ఊపాను. ఆమె నా ముఖం వంక చూసి, కాగితం మీద ఏదీ రాయకుండా కలం పక్కన పెట్టేసింది. ఆ కలం పక్కన పెట్టడం నాకు ఇప్పటికీ గుర్తే. పాపకు పెద్ద జబ్బేం లేదు, రెండు రోజుల్లో తగ్గిపోయింది. నాకే తగ్గలేదు.

ఆ వారమే మునిసిపల్ ఆఫీసు కౌంటర్ దగ్గర ఒక పసుపు కాగితం ఇచ్చారు. విదేశీయులకు జపనీస్ క్లాసు, శనివారం పది గంటలకు, కోమిన్‌కాన్‌లో, ఒక క్లాసుకు 200 యెన్‌లు. అప్పటి లెక్కలో సుమారు 115 రూపాయలు. అక్కడ దుకాణంలో ఒక అన్నం ముద్ద, ఒక టీ సీసా కొంటే అంత అవుతుంది. ప్రైవేటు భాషా పాఠశాలల ఫీజు అంతకుముందే కనుక్కుని నోరు మూసుకుని ఉన్నాను కాబట్టి, ఆ కాగితంలో ఒక సున్నా ఎగిరిపోయిందేమోనని అనుమానపడ్డాను.

కోమిన్‌కాన్ అంటే ఊరి ప్రజల భవనం. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, ఊరివాళ్ళు కలిసి నేర్చుకోవడానికి ఒక చోటు ఉండాలని మొదలైనవి ఇవి. 1949లో వచ్చిన చట్టంతో స్థిరపడ్డాయి. పెద్ద భవనమేం కాదు. గుమ్మం దగ్గర చెప్పుల అరలు, ఆకుపచ్చ స్లిప్పర్లు, లోపల మడిచే బల్లలు, ఒక మూల వేడినీళ్ళ ఫ్లాస్కు. పక్క గదిలో ముసలివాళ్ళు పాటలు నేర్చుకుంటుంటారు. తలుపు దగ్గర బిస్కెట్ల రేకు డబ్బా, అందులో 200 యెన్‌లు వేసి ఒక కాగితం మీద పేరు పక్కన సున్నా చుట్టాలి. ఎవరు వేశారో, ఎవరు వేయలేదో ఎవరూ చూడరు. నేను గమనించాను, నిజంగానే చూడరు.

మాకు చెప్పినాయన పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన పెద్దాయన. జీతం లేదు, బస్సు ఖర్చులు కూడా తనవే. బల్ల చుట్టూ ఎనిమిదిమందిమి. బ్రెజిల్ నుంచి వచ్చినవాళ్ళు ముగ్గురు. (1990లో వీసా నిబంధనలు మార్చాక, జపాన్ మూలాలున్న బ్రెజిల్ వాళ్ళు ఆ ప్రాంతం ఫ్యాక్టరీలకు పెద్దఎత్తున వచ్చారు.) ఒక ఫిలిప్పీన్స్ కోడలు, ఇద్దరు వియత్నాం కుర్రాళ్ళు, ఒక నేపాల్ వంటవాడు, నేను. పెద్దాయన పుస్తకం తెరవలేదు. తలా ఒక చీటీ ఇచ్చి, ఈ వారం మీరు చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మాట ఒకటి మీ భాషలోనే రాయండి అన్నాడు. మా అందరికీ అర్థమయ్యేలా ఆ మాట చెప్పడానికి ఆయనకు పావుగంట పట్టింది. నేను తెలుగులో రాశాను: "ఎలాంటి నొప్పి అని అడిగారు."

నా చీటీ వంతు వచ్చేసరికి, సైగలతో కొంత, ఫోన్లో కొంత, విషయం చెప్పాను. పెద్దాయన బోర్డు మీద గుండ్రంగా ఒక పొట్ట గీశాడు, బొడ్డు చుక్కతో సహా. పెన్సిల్ మొనతో తన అరచేతిని పొడుచుకుంటూ 'చికుచికు' అన్నాడు. పొట్ట పట్టుకుని, ఏడుపు ముఖం పెట్టి, సన్నగా మూలిగి 'షికుషికు'. తువ్వాలు పిండినట్టు రెండు చేతులూ తిప్పి 'కిరికిరి'. కణతల మీద వేళ్ళు కొట్టుకుంటూ 'జుకిజుకి'. చివరిది చూడగానే నాకు నవ్వొచ్చింది. తలపోటు! గుచ్చుకోవడం, సన్నగా లాగడం, మెలిపెట్టడం, పోటు, సలుపు... ఇన్ని రకాల నొప్పులకు మాటలున్న భాషలో పుట్టి, నేను ఆ నర్సు ముందు ఒక్క 'ఇతాయ్'తో సరిపెట్టుకున్నాను.

ఆ రోజు నుంచి మూడేళ్ళు, శనివారం మానలేదు.

ఆ ఊరి మునిసిపాలిటీ ఇచ్చింది ఏమిటో మీకు లెక్క చెబుతాను: గది, కరెంటు, నెలకు కొన్ని జిరాక్సులు. మిగతాదంతా ఊరివాళ్ళే. జపాన్‌లో ఇలాంటి క్లాసులు చాలా ఊళ్ళలో ఉన్నాయి, కొన్నిచోట్ల పూర్తిగా ఉచితం. 2019 జూన్‌లో అక్కడి పార్లమెంటు ఒక చట్టం చేసింది. విదేశీయులకు భాష నేర్పించడంలో కేంద్రానికీ, స్థానిక సంస్థలకూ, ఉద్యోగమిచ్చే కంపెనీలకూ బాధ్యత ఉందని అందులో రాశారు. చట్టం వచ్చిన తర్వాత కూడా మా పెద్దాయన పద్ధతేం మారలేదు, చీటీలూ రేకు డబ్బా అలాగే ఉన్నాయి.

వాళ్ళకు ఇది దయతో చేసే పని మాత్రమే కాదండీ. 1995 జనవరి 17న కోబె భూకంపం వచ్చినప్పుడు, ఎక్కడికి పోవాలి, నీళ్ళు ఎక్కడ ఇస్తున్నారు అన్న ప్రకటనలు విదేశీయులు చాలామందికి అర్థం కాలేదు. ఆ దెబ్బతోనే 'యసషీ నిహొంగొ', అంటే తేలిక జపనీస్ అనే ఆలోచన పుట్టింది. 'ఎత్తైన ప్రదేశాలకు తరలివెళ్ళగలరు' అనకుండా 'పైకి పారిపోండి' అని చెప్పడం. మా క్లాసులో ఏడాదికోసారి దీని మీదే పాఠం. బల్లల కింద దూరి మరీ చేయించేవాడు పెద్దాయన, డెబ్బై దాటిన మోకాళ్ళతో. మన తుపాను హెచ్చరికలు విన్నప్పుడల్లా నాకు ఆ బల్ల గుర్తొస్తుంది. అది ఇంకో లేఖలో రాస్తాను.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మా బ్రెజిల్ స్నేహితులు ఒప్పుకోరు గానీ, జపనీస్ నేర్చుకోవడానికి తెలుగువాళ్ళకు ఉన్నంత వెసులుబాటు చాలామందికి లేదు.

వాళ్ళ అక్షరాల పట్టిక మొదటిసారి చూసినప్పుడు నేను పైకే చదివేశాను: అ ఇ ఉ ఎ ఒ, క కి కు కె కొ. ఇది మన గుణింతమే కదా! వరసలు చూడండి: క, స, త, న, హ, మ, య, ర, వ. స, హ తప్ప మిగతావన్నీ మన వర్ణమాల నడిచే దారిలోనే నడుస్తాయి. బౌద్ధ భిక్షువులు సంస్కృతం చదువుకునే క్రమంలో ఈ వరస అక్కడ కుదిరిందని భాషావేత్తలు చెబుతారు. హిరగానా అనే ఆ లిపిలో మూల అక్షరాలు 46. మన ఒకటో తరగతి పిల్లవాడు మోసే బరువుతో పోలిస్తే అదెంత?

హ్రస్వం, దీర్ఘం అక్కడ ప్రాణం తీస్తాయి. 'ఒబసన్' అంటే అత్త వరస ఆవిడ, 'ఒబాసన్' అని కాస్త సాగదీస్తే అవ్వ. నడివయసు ఆవిడను అవ్వా అని పిలిచి మా బ్రెజిల్ అబ్బాయి ఒకసారి మాటపడ్డాడు. 'కితె' అంటే వచ్చి, 'కిత్తె' అంటే పోస్టల్ స్టాంపు. ఒత్తు పలకడం మనకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. మనుషులను లెక్కపెట్టేటప్పుడు ఒక తీరు, వస్తువులకు ఇంకో తీరు అని చెప్తే మిగతావాళ్ళు తల పట్టుకున్నారు. మూడు కాయలు, ముగ్గురు మనుషులు అనేవాళ్ళం, మనకేం కొత్త?

వాక్యం సంగతి చెప్పనే అక్కర్లేదు. క్రియ చివరికే వస్తుంది. 'వస్తాను అని అన్నాడు'లో 'అని' ఎక్కడ ఉందో, 'కురు తో ఇత్తా'లో 'తో' అక్కడే ఉంటుంది. 'తిని చూడు' అంటాం కదా, రుచి చూడమని. వాళ్ళూ 'తబేతె మిరు' అంటారు, 'మిరు' అంటే చూడటమే. 'పప్పు నానబెట్టి పెట్టు' అనేటప్పటి ఆ రెండో 'పెట్టు' ఉందే, ముందుగానే చేసి ఉంచమని చెప్పేది, దానికి వాళ్ళ దగ్గర 'ఒకు' ఉంది. దాని అర్థమూ పెట్టడమే. 'తినేశాను'కు 'తబేతె షిమత్తా'. గుండె దడదడలాడితే 'డొకిడొకి', గడగడా మాట్లాడితే 'పెరపెర'. పెద్దాయన ఇవి వివరించబోతే నేను ముందే తల ఊపేదాన్ని. ఈసారి అర్థమయ్యే ఊపాను.

అన్నీ సుఖమేనని చెప్పను. వాళ్ళ 'ని' మన 'కి' అవుతుంది. 'తిరుపతి ని ఇకిమాసు' అంటే తిరుపతికి వెళ్తాను అని. ఇక్కడ మొదటి నెలంతా తడబడ్డాను. ఇచ్చిపుచ్చుకోవడానికి మూడు రకాల క్రియలు ఉన్నాయి, ఎవరు ఎవరికి ఇచ్చారన్న దాన్నిబట్టి మారతాయి, వాటి దగ్గర ఇప్పటికీ ఆగి ఆలోచిస్తాను. కాంజీ, అంటే చైనా లిపి నుంచి తెచ్చుకున్న అక్షరాలు, అయితే సముద్రమే. కానీ ఈ పోలికలన్నీ తెలుగులో చెప్పేవాళ్ళుంటే మన పిల్లలకు మొదటి ఆరు నెలలు నల్లేరు మీద బండి నడకే. ఇంగ్లీషు మీదుగా చెబితే మాత్రం, ఇంటి వెనకాలే ఉన్న బావి కోసం ఊరంతా తిరిగినట్టుంటుంది.

2023లో తిరిగి వచ్చాం. మా ఎదురింటి అబ్బాయి పాలిటెక్నిక్ అయిపోయి జపాన్ వెళ్తానని తిరుగుతున్నాడు. ఒక కన్సల్టెన్సీలో 65 వేలు కట్టాడు, వాళ్ళమ్మ గొలుసు కుదువ పెట్టి. మూడు నెలల కోర్సు అన్నారు. ఐదు వారాలు మనిషి వచ్చి చెప్పాడు, తర్వాత వీడియోలు. నేను జపాన్ నుంచి తెచ్చిన బిస్కెట్ ప్యాకెట్ చేతికిచ్చి, దీని మీద పేరు చదువు నాయనా అన్నాను. కతకానాలో, అంటే వాళ్ళు విదేశీ మాటలు రాసే లిపిలో, నాలుగే అక్షరాలు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "అక్కా, ఇంగ్లీషులో ఎక్కడుంది?" అన్నాడు. పాఠాలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసిచ్చారట! వాళ్ళమ్మ అంది, "వాడికి వచ్చిందో రాలేదో మాకేం తెలుస్తాదమ్మా, సర్టిఫికెట్ ఇస్తామన్నారు."

ఆ సర్టిఫికెట్ సంగతి కూడా చెప్పాలి. జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా సామర్థ్య పరీక్షలో ఐదు మెట్లు, ఎన్5 అన్నిటికన్నా కింద. జపాన్ 2019 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన 'నిర్దిష్ట నైపుణ్య' వీసా ఉంది. వృద్ధుల సంరక్షణ, హోటళ్ళు, వ్యవసాయం, భవన నిర్మాణం లాంటి రంగాలకు. దీనిమీద మన దేశం కూడా 2021 జనవరిలో జపాన్‌తో ఒప్పందం చేసుకుంది. ఆ వీసాకు ఎన్4 కావాలి, లేదంటే జపాన్ ఫౌండేషన్ అనే అక్కడి ప్రభుత్వ సంస్థ కంప్యూటర్ మీద పెట్టే బేసిక్ పరీక్ష పాసవ్వాలి. ఆయా రంగాల నైపుణ్య పరీక్ష విడిగా ఉంటుంది. వృద్ధుల సంరక్షణకైతే ఆ పనికి సంబంధించిన భాషా పరీక్ష కూడా ఉంది. ఎన్5 ఉంటే చాలు, విమానమెక్కడమే అని ఈ అబ్బాయికి చెప్పారు. పైగా జేఎల్‌పీటీలో మాట్లాడే పరీక్షే లేదు. చదవడం, వినడం, వ్యాకరణం, గళ్ళు నింపడం, అంతే. ఆ కాగితం చేతిలో ఉన్నవాడు కూడా క్లినిక్‌లో నాలాగే నిలబడగలడు.

కాబట్టి ఆ అబ్బాయిని ఆదివారం మా ఇంటికి రమ్మన్నాను. అతని వెనక ఇద్దరు నర్సింగ్ అమ్మాయిలు వచ్చారు. శ్రీసిటీలో షిఫ్టుకు వెళ్ళే కుర్రాడు ఒకడు వచ్చాడు. ఇసుజు, కోబెల్కో, డైకిన్ లాంటి జపాన్ కంపెనీలు మన జిల్లాలోనే ఉన్నాయి కదా. ఇతను 'సెయిరి, సెయితోన్, సెయిసో, సెయికెత్సు, షిత్సుకే' అని గోవింద నామాలు చదివినట్టు ఆపకుండా అప్పజెప్పాడు. పనిచోటును శుభ్రంగా, సర్ది ఉంచుకునే ఈ ఐదు సూత్రాల 5ఎస్ బోర్డు ఫ్యాక్టరీలో రోజూ చూస్తాడు, ఏ మాటకు ఏం అర్థమో ఎవరూ చెప్పలేదు. 'సెయిరి' అంటే అక్కర్లేనివి ఏరి పక్కన పెట్టడం అని చెప్తే, "ఓ, అందుకా మా సార్ ఊరికే అరిచేది" అన్నాడు.

ఇప్పుడు తొమ్మిదిమంది అయ్యారు. మా హాలు పదడుగులు. మా అత్తగారికి ఆదివారం పొద్దున టీవీ లేకుండా పోయింది. మెట్ల నిండా చెప్పులు, కింద ఇంటివాళ్ళు రెండుసార్లు మర్యాదగా, మూడోసారి అంత మర్యాద లేకుండా చెప్పారు. ఇంకో ఆరుగురు వస్తామంటున్నారు. అందుకే ఈ లేఖ.

ఫోన్లో యాప్‌లున్నాయి, వీడియోలున్నాయి, గది ఎందుకని మీ ఆఫీసులో ఎవరైనా అనొచ్చు. ఉన్నాయి, మేమూ వాడతాం. జపాన్ ఫౌండేషన్ వాళ్ళ పాఠాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఆడియోతో సహా, పుస్తకాల ఖర్చు అందుకే లేదు. కానీ వీడియో మీ చీటీ చదవదు. మీరు తప్పు మాట్లాడితే పక్కవాడు నవ్వడం, మీరూ నవ్వడం, మళ్ళీ సరిగ్గా అనడం, దానికి ఒక బల్లా నలుగురు మనుషులూ కావాలి.

ఉచితంగా చెప్పేవాళ్ళు ఎన్నాళ్ళు నిలబడతారని కూడా అడగొచ్చు. ఈ మాట ఇంకే ఊళ్ళోనైనా అడగొచ్చు గానీ తిరుపతిలో కాదు. 2000లో శ్రీవారి సేవ మొదలైనప్పటి నుంచి ఎక్కడెక్కడి వాళ్ళో సొంత ఖర్చులతో కొండకు వచ్చి వారం రోజులు క్యూల్లో నీళ్ళందించి, అన్నదానంలో వడ్డించి పోతున్నారు. మేం వారానికి రెండు గంటలు కూర్చోలేమా?

డబ్బు లెక్క కూడా ముందే చెబుతాను. 20 రూపాయల చొప్పున పదిహేనుమంది వస్తే ఆదివారానికి 300. అందులో గది ఊడ్చే ఆవిడకు 150, జిరాక్సులకు కొంత, మిగిలింది డబ్బాలో ఉంటుంది, డిసెంబర్‌లో పరీక్షకు చెన్నై వెళ్ళే పిల్లల బస్సు ఛార్జీకి. లెక్క గోడమీద అంటిస్తాం. ఇది కన్సల్టెన్సీ కాదు, వీసా ఇప్పిస్తామని ఎవరికీ చెప్పం, ఉద్యోగం మాటే ఎత్తం. మీరు కావాలంటే ఆ మాట స్టాంపు కాగితం మీద రాయించుకోండి.

ఇంకో రెండు చిన్న కోరికలు. బాత్రూం తాళం కూడా అదే గుత్తిలో ఉండాలి, వచ్చేవాళ్ళలో సగంపైన ఆడపిల్లలు. బస్సు దిగి నడిచిపోగలిగేంత దూరంలో ఉన్న గది అయితే మేలు, రేణిగుంట నుంచి, చంద్రగిరి నుంచి వచ్చేవాళ్ళున్నారు.

ప్రారంభోత్సవం వద్దండీ. ఫ్లెక్సీ వద్దు, శాలువా అసలే వద్దు. తాళంచెవి ఎవరి దగ్గర తీసుకుని ఎవరికి తిరిగి ఇవ్వాలో చెప్పిస్తే చాలు. చాక్‌పీసులు మేమే తెచ్చుకుంటాం. బిస్కెట్ల రేకు డబ్బా నా దగ్గర ఉంది. నేను వచ్చేసే ముందు శనివారం పెద్దాయన ఇచ్చాడు, లోపల ఖాళీ చీటీలతో సహా.

ఇట్లు,
కొర్లగుంట నివాసి, మాజీ టీచరు
తిరుపతి